వంటగదిలో బెరిల్ - మూడో ప్రయత్నం

పగలంతా పళ్లు చేస్తాను.
హాలిఫాక్స్‌లో, బస్టాండు వెనక సందులో, మేడమీది ల్యాబులో
పింగాణీ పొడి తడిపి, పొర మీద పొర వేసి
ఎవరి నోట్లోనో మిగిలున్న పక్క పన్నుకి
తోడబుట్టినట్టు కనిపించేలా.
తెలుపులో పదహారు రకాలు నా బల్ల మీద వరసగా ఉంటాయి.
టీ తాగేవాళ్ల తెలుపు,
సిగరెట్టు మానేశామని చెప్పేవాళ్ల తెలుపు.
తెలుపు గురించి నాకెవరూ చెప్పక్కర్లేదని ధీమా.

అలాంటిది, మొదటి శనివారం క్లాసులో
కిటికీ పక్క గోడ వెయ్యమంటే
ట్యూబులోంచి తిన్నగా పిండి పులిమేశాను.
గ్లెనిస్ ఏమీ అనలేదు.
నా కాన్వాసు తీసుకెళ్లి ఆ గోడకే ఆనించింది.
గోడ బూడిద రంగులో ఉంది,
మూల దగ్గర లేత వంకాయ రంగులో ఉంది,
కింద, కార్పెట్‌కి దగ్గరగా, సిగ్గుపడ్డట్టు ఎర్రగా ఉంది.
తెల్లగా ఎక్కడా లేదు.

పలచనిది ముందు, జిడ్డుది తర్వాత.
తిరగేస్తే పదేళ్లకి పగుళ్లిస్తుందట.
నా పింగాణీ కొలిమిలో నిమిషాల్లో తేలిపోతుంది;
ఇది వారాల తరబడి తడిగానే ఉండి
మనసు మార్చుకోమని పోరుతూ ఉంటుంది.
అవిసె నూనె వాసనకి ఆకలేస్తుంది,
అవిసెగింజల కారం, వేడన్నం గుర్తొచ్చి.

అన్నిటికన్నా కష్టం, మనిషిని కూర్చోబెట్టడం.

బెరిల్ మా పక్కింటావిడ. ఎనభై మూడు.
కార్పెట్ మిల్లులో ముప్పై ఏళ్లు నిలబడింది కాబట్టి
కూర్చోమంటే ఎంతసేపైనా కూర్చుంటుంది.
మంగళవారం సాయంత్రాలు, ఆవిడ వంటగదిలో,
బాయిలర్ పక్క కుర్చీలో.
మొదటి బొమ్మలో కుర్చీ ఒకచోట, ఆవిడ ఒకచోట.
"చచ్చి పైకి పోతున్నట్టున్నానే" అంది చూసి.

బరువు ఎక్కడ దిగుతోందో చూడు, అంది గ్లెనిస్.
చూశాను.
తొడ కింద, దిండు నలిగిన చోట,
వెంట్రుక వాసి ముదురు గీత.
అది పెట్టగానే బెరిల్ కూర్చుంది.
కుర్చీ కిర్రుమన్నట్టే అనిపించింది నాకు.

కానీ రెండో బొమ్మని నోరు మింగేసింది.
ఆ పైవరస నేను చేసిందే, కిందటి అక్టోబరులో.
ప్రతి పన్నూ నాకు పేరు పెట్టి పిలిచేంత తెలుసు.
చూడకుండా వేసేశాను.
ఒక టూత్‌పేస్ట్ ప్రకటన,
దాని వెనక ఎక్కడో బెరిల్.

మూడోసారి వాన.
కిటికీ అద్దం మీద కెటిల్ ఆవిరి.
కూర్చోబోతూ రెండు వేళ్లు నోట్లో పెట్టి
పళ్లు తీసి, గ్లాసు నీళ్లలో వేసింది.
"ఏమనుకోకు. ఇంట్లో ఉన్నాను కదా."

చెంపలు దిగిపోయాయి.
పెదాలు లోపలికి మడతపడి
ఏదో మింగుతూ ఆగిపోయినట్టున్నాయి.
నా పదకొండు రోజుల పని
కిటికీ గట్టు మీద, నీళ్లలో, పెద్దదై కనిపిస్తోంది.
టర్పెంటైన్ గుడ్డతో పాత నోరు తుడిచేశాను.

ఆ మడత ఏ రంగు?
నా పదహారింటిలో లేదు.
కళ్లలో వత్తులు వేసుకుని చూశాను.
మట్టి రంగు, చిటికెడు ఆకుపచ్చ,
పాత గాయం మానే ముందు ఉండే ఊదా.
కలిపాను, గీకేశాను, మళ్లీ కలిపాను.
బాయిలర్ రెండుసార్లు ఆగి మళ్లీ వెలిగింది.
బెరిల్ ఓ కునుకు తీసి లేచింది.

ఆఖర్న గ్లాసు మీద ఒకే ఒక్క తెల్ల చుక్క.
ట్యూబులోంచి తిన్నగా.

"తడిగా ఉంది, ముట్టుకోకు" అన్నాను.
ముట్టుకుంది.
"ఇది మా అమ్మ నోరు" అంది, పళ్లు లేకుండా, 
నాకు అర్థం కావడానికి కాస్త టైం పట్టింది.
బొమ్మలో గడ్డం మీద వేలిముద్ర పడింది.
వేలు ఏప్రన్‌కి తుడుచుకుంది.

ఏప్రన్ మీది ఆ మరక కూడా వెయ్యాలి,
వచ్చే మంగళవారం,
ఉతికెయ్యకపోతే.